పండుగలో ఎవరి వంతు ఎంత



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు మాకు తెలుగు చెప్పారు. దసరా సెలవులు అయిపోగానే 'మా ఊరి పండుగ' అని వ్యాసం రాసుకురమ్మనేవారు. అందరం ఒకే మూసలో రాసేవాళ్లం: పొద్దున్నే తలంటుకున్నాం, కొత్తబట్టలు కట్టుకున్నాం, బూరెలు తిన్నాం, గుడికెళ్లాం. ఆయన మార్కులు వేయకుండా పక్కన ఎర్రసిరాతో ప్రశ్నలు రాసేవారు. ఘటం కుండ చేసిందెవరు? దివిటీ పట్టిందెవరు? అందులో పోసిన నూనె ఎవరింటిది? డప్పు కొట్టినతను ఆ పూట ఎక్కడ తిన్నాడు? జవాబు తెలియక ఊరంతా తిరిగి కనుక్కోవలసి వచ్చేది. జానపద సంస్కృతి చదువులోకి నేను వచ్చింది ఆ ఎర్రసిరా వల్లే. ఇవాళ మాట్లాడేదీ ఆ ప్రశ్నల గురించే.

పండుగలు మనుషుల్ని కలుపుతాయని సభల్లో తరచు అంటూంటాం. జాతరకు ముందు నెలరోజులు ఏ ఊళ్లోనైనా గడిపి చూడండి. ఏడాది పొడుగునా కనిపించని తగాదాలన్నీ అప్పుడే పైకొస్తాయి. తొలి కొబ్బరికాయ ఎవరిది, ఊరేగింపు ఏ వీధిలోంచి వెళ్లాలి, ఎవరి గుమ్మం ముందు ఆగాలి, తాంబూలం మొదట ఎవరి చేతికి అందాలి. గుడి మర్యాదల గురించి మద్రాసు హైకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యాలున్నాయి. తమలపాకుల కోసం కోర్టుకెక్కడమేమిటని నవ్వు రావచ్చు. కానీ ఆ ఆకులు చేతిలో పడ్డవాడు ఊళ్లో ఒక మనిషి. పడనివాడు, ఉన్నా లేనట్టే. పండుగ అన్నిటికంటే ముందు ఒక పంపకం. పని, ఖర్చు, మర్యాద, ప్రసాదం, ఈ నాలుగూ పంచిపెడుతుంది. కలయిక ఆ పంపకంలోంచే పుడుతుంది, అవమానమూ అందులోంచే పుడుతుంది. రెండింటినీ విడదీసి ఒకదాన్నే పొగడటం నాకు చేతకాదు.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం తీసుకుందాం. దసరా వెళ్లిన తొలి మంగళవారం జరుగుతుంది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోవడం, రాజుగారి చెల్లెలు పైడిమాంబ పెద్దచెరువులో కలిసిపోయి అమ్మవారిగా వెలియడం, ఈ కథ ఉత్తరాంధ్రలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను చూడమనేది కథ చుట్టూ అల్లుకున్న పనులను.

సిరిమాను అంటే పొడవాటి చింతమాను. ఆ ఏడాది మాను ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. పూజారి వెతుక్కుంటూ వెళ్లి ఏ ఊళ్లోనో, ఎవరి తోటలోనో ఆ చెట్టును గుర్తిస్తాడు. చెట్టు గలాయన బేరం ఆడడు, తన వంతు వచ్చిందని సంతోషిస్తాడు. చెట్టుకు పసుపూ కుంకుమా పెట్టి పూజ చేశాకే గొడ్డలి పడుతుంది. మానును బళ్ల మీద ఊరేగింపుగా తెస్తారు. వడ్రంగులు చెక్కి సిరిమానుగా సిద్ధం చేస్తారు. ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి ఘటాలు వస్తాయి. రైతులకు విత్తనాలు పంచుతారు. వాటిని తమ విత్తనాల్లో కలుపుకుంటే పంట బాగుంటుందని వాళ్ల నమ్మకం. మంగళవారం మధ్యాహ్నం మాను కొసన పూజారి కూర్చుంటాడు. మూడులాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తాడు. జనం కిందనుంచి అరటిపళ్లు విసురుతారు. ముందు పాలధార, అంజలిరథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి.

ఆ వల దగ్గర కాసేపు ఆగుదాం. రాజుగారి కోట ఉత్సవంలో చేపలు పట్టే వల ఎందుకుంది? అమ్మవారి విగ్రహాన్ని పెద్దచెరువు నీళ్లలోంచి బయటికి తీయడంలో బెస్తవాళ్లు సాయపడ్డారని ప్రతీతి. చరిత్రకారుడు దీనికి రుజువు అడగవచ్చు, అడగాలి కూడా. కానీ ఏటా ఆ వల ఊరేగింపులో ముందు నడుస్తున్నంతకాలం ఆ కులానికి 'మేం లేకపోతే మీకు అమ్మవారే లేదు' అని ఊరందరి ముందూ నోరు తెరవకుండానే చెప్పే హక్కు ఉంది. అక్షరం రానివాడికి ఇది దస్తావేజు. కోట బురుజు మీద పూసపాటివారి కుటుంబం కూర్చుని చూస్తుంది. జమీందారీలు రద్దయి డెబ్భై ఏళ్లు దాటినా ఆ కుర్చీ అలాగే ఉంది. వలకూ కుర్చీకీ ఒకే పండుగలో చోటుంది. రెండూ ఒకే ఎత్తులో లేవన్నది కూడా ఆ పండుగే చూపిస్తుంది.

ఇలాంటి పంపకం ప్రతి గ్రామదేవత కొలువులోనూ ఉండేది. నెల్లూరు ప్రాంతాన్ని చూసి రాసిన ఎల్మోర్ అనే మిషనరీ పుస్తకం 1915లో వచ్చింది. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ రాసిన దక్షిణదేశపు గ్రామదేవతల పుస్తకం 1916లో వచ్చింది. వాళ్ల చూపు మతప్రచారకుల చూపు. చాలాచోట్ల చిరాకు తెప్పిస్తుంది. అయినా ఒక మేలు చేశారు. మన పండితులు ముట్టని వివరాలు వాళ్లు రాసిపెట్టారు. కుండ కుమ్మరిది, దివిటీ చాకలిది, పాట ఆసాదిది, కొలుపు బైండ్లవారిది, డప్పు మాదిగలది.

పాతరోజుల్లో అందరికీ పండుగలో పని ఉండేదని, ఇప్పుడు ఎవరికీ లేదని నిట్టూర్చి నేను ఇక్కడితో ముగించవచ్చు. సభలో చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆ పని ఎలాంటి పని? డప్పు లేనిదే దేవత గడప దాటదు, డప్పు కొట్టినవాడు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. ఆ పని అతని ఇష్టమూ కాదు, మానుకునే హక్కూ లేదు. చాటింపు వేయనంటే ఊరు ఊరంతా పగబట్టేది. ఇంకా దారుణమైన వాటా దళిత ఆడపిల్లలది. జోగిని, మాతమ్మ అని పేర్లు పెట్టి ఒక పసిదాన్ని దేవతకు ఇచ్చామనడం, ఆ తరవాత ఆమెను ఊరి మగవాళ్ల పాలు చేయడం. జాతరలో ఆమె ఆడితేనే వానలు పడతాయట! గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో ఈ ఆడవాళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. ఈ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. అక్కడ 'సంప్రదాయం చెడింది' అని ఎవరైనా బాధపడితే ఆ బాధను నేను పంచుకోలేను. చెడాల్సిందే.

డప్పు కథ అక్కడితో ఆగలేదు. గుడికి దూరంగా నిలబడి కొట్టిన డప్పును భుజాన వేసుకుని 1994లో ఈదుముడి నుంచి మాదిగ దండోరా ఉద్యమం బయలుదేరింది. వెట్టిగా అంటగట్టిన వాద్యాన్నే జెండాగా ఎత్తుకున్నారు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సభలకు కూడా అదే ముందు నడిచింది. వాద్యం మారలేదు. ఇప్పుడు ఎప్పుడు కొట్టాలో కొట్టేవాడే తేల్చుకుంటున్నాడు, మానేయడమూ అతని చేతిలోనే ఉంది. పండుగలో వాటా గురించి ఎవరు మాట్లాడినా నేను మొదట అడిగేది ఇదే: ఈ పని ఆ మనిషి కాదనగలడా?

మతాల మధ్య పంపకం గురించి రెండు ముక్కలు. తెలుగు పల్లెల్లో పీర్ల పండుగ తెలియని తరం మొన్నమొన్నటిదాకా లేదు. పీర్ల చావిడి ముందు గుండం తవ్వేవారిలో, పీరు ఎత్తుకుని నిప్పుల మీద నడిచేవారిలో, మలీదా చేసి తెచ్చేవారిలో హిందువులు బోలెడుమంది. ఒక్క ముస్లిం ఇల్లు లేకపోయినా పీర్లను ఎత్తే ఊళ్లున్నాయి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరు దగ్గర జరిగే పండుగ మీద అఫ్సర్ మహమ్మద్ రాసిన ఇంగ్లిషు పుస్తకం 2013లో వచ్చింది. మన పక్క ఊరి పండుగ గురించి ఇంగ్లిషులో చదివి మనం ఆశ్చర్యపోవలసి రావడం ఒక విచిత్రం. ఇక రెండో వైపు చూడండి. చిలకలూరిపేట ప్రాంతపు ముస్లిం విద్వాంసుల నాదస్వరం లేకుండా ఎన్ని దేవుడి కళ్యాణాలు జరిగాయి? కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. దీనికి మతసామరస్యం అని పెద్ద పేరు పెట్టేస్తాం. ఆ నాదస్వర విద్వాంసులకు అది వృత్తి. సన్నాయి ఊదేది మనవాళ్లే గదా అన్న మామూలుతనం అందులో ఉంది. ఆ మామూలుతనం పోయినప్పుడే సామరస్యం గురించి ఉపన్యాసాలు అవసరమవుతాయి, నాబోటివాళ్లకు గిరాకీ పెరుగుతుంది.

ఈ పాత పంపకాలన్నిటికీ భిన్నంగా ఉండే పండుగ నెల్లూరులో ఉంది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి చెరువు నీళ్లలో నిలబడతారు. అదే కోరిక ఉన్నవాళ్లు వచ్చి అడిగి తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె. తీసుకున్నవాళ్ల కోరిక తీరితే వాళ్లే మరో ఏడాది రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఇందులో ఇచ్చేవాడి కులం అడగరు, పుచ్చుకునేవాడి మతం అడగరు. పిల్లలు లేక ఏడ్చిన తల్లి, పిల్లాణ్ని చంకనెత్తుకుని వచ్చి, ఇంకా ఏడుస్తున్న మరో ఆడమనిషికి రొట్టె అందిస్తుంది. పని ఉంది, వంతు ఉంది, పుట్టుకతో వచ్చినది మాత్రం కాదు. 2015లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. నన్నడిగితే మన పండుగలన్నిటిలోనూ బుద్ధికి పదునైనది ఇదే. ఎవరో మేధావి కూర్చుని కనిపెట్టినది కాకపోవడం దాని గొప్ప.

ఇక మన కాలానికి వద్దాం. మన కాలపు పండుగ చందాతో నడుస్తుంది.

1893లో తిలక్ పూణేలో గణపతిని ఇంట్లోంచి వీధిలోకి తెచ్చి పెద్ద ఉత్సవంగా మలిచాడు. రాజకీయ సభలంటే పోలీసులు మూగే రోజుల్లో జనాన్ని ఒకచోట చేర్చే దారి అది. ఆ పద్ధతి హైదరాబాదుకు కూడా చేరింది. ఖైరతాబాద్‌లో 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు వినాయకుణ్ని పెట్టాడు. ఏడాదికో అడుగు పెరుగుతూ అది 2014లో 60 అడుగులకు చేరింది. 2024లో 70 అడుగుల బొమ్మ పెట్టారు. బాలాపూర్‌లో 1994లో వినాయకుడి లడ్డూ మొదటి వేలం 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షలు దాటింది. ఆ డబ్బు ఊరి పనులకు వాడతారు కాబట్టి దాన్ని వెక్కిరించను. భక్తుడో, స్థలాల వ్యాపారో, రాజకీయ నాయకుడో, ఎవరు పాడుకున్నా రోడ్డు పడితే మంచిదే.

నాకు పట్టింపు ఉన్నది లడ్డూతో కాదు, రసీదు పుస్తకంతో. కుర్రాళ్లు బెల్లు కొడతారు, మీరు 500 రూపాయలో 1,116 రూపాయలో ఇస్తారు, రసీదు పుచ్చుకుంటారు. దాంతో పండుగతో మీ సంబంధం ముగిసింది. పందిరి కాంట్రాక్టరుది, పాట డీజేది, భోజనం కేటరింగువాళ్లది, నిమజ్జనానికి క్రేను మునిసిపాలిటీది. చందా ఒక పనిలో చాలా గొప్పది, అది కులం అడగదు. అయిదు వందలు ఎవరిచ్చినా అయిదు వందలే. కుమ్మరి కుండ చేయాల్సిందేనన్న నిర్బంధం పోయింది, మంచిదే. నిర్బంధంతోపాటు పని కూడా పోయింది. పని లేనివాడు ప్రేక్షకుడవుతాడు. పండుగకి ప్రేక్షకుడంటే పెళ్లికి వచ్చి టీవీ చూసి వెళ్లినవాడే.

అలాగని పని మాయమవలేదు, చేతులు మారింది. హైదరాబాదు ధూల్‌పేట వీధుల్లో నెలల ముందు నుంచే బొమ్మలు తయారవుతుంటాయి. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కళాకారులు ఊరూరా షెడ్లు వేసుకుని వర్షాకాలమంతా ప్లాస్టరు కలుపుతూ ఉంటారు. ఊళ్లో కుమ్మరికి తప్పిన పని ఇంకొక రాష్ట్రపు మనిషికి కూలి అయింది. వినాయకుడి తొండం తీర్చిన ఆ మనిషి నిమజ్జనం చూడడు. అప్పటికే దుర్గమ్మ బొమ్మల పనికి వెళ్లిపోయి ఉంటాడు.

డబ్బుతో కొనలేని పండుగ ఒకటుందని మొన్నటిదాకా బతుకమ్మ వైపు చూపించేవాణ్ని. చందా లేదు, పురోహితుడు లేడు. తంగేడు, గునుగు, బంతి పూలు తెచ్చుకోవడం, పేర్చుకోవడం, పాడుకోవడం, చెరువులో వదలడం, అంతా ఆడవాళ్ల చేతిలోనే. 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. అయితే గమనించండి, తంగేడూ గునుగూ ఎవరి తోటలోనూ పెంచేవి కావు. అవి బీళ్లలో, గుట్టల వాలుల్లో వాటంతటవే పూసేవి. బీడు ఉంటేనే గునుగు, చెరువు ఉంటేనే నిమజ్జనం. బీళ్లు ప్లాట్లయ్యాక గునుగు పువ్వు కట్టల లెక్కన బజారులో అమ్ముడుపోతోంది. చెరువు శిఖం మీద కాలనీ వెలిశాక ప్లాస్టిక్ తొట్టిలో నిమజ్జనం అవుతోంది. పండుగ ఎప్పుడూ ఊరి ఉమ్మడి ఆస్తి మీద బతికేది. ఉమ్మడి ఆస్తి కరిగిపోతుంటే పట్టించుకోని వాళ్లం, పండుగ కళ తప్పిందని ప్రతి ఏడూ వ్యాసాలు రాస్తాం.

అయితే మేడారం జాతరలో పంపకం ఇంకా కోయల చేతిలోనే ఉంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్కను తెచ్చేది కోయ పూజారులే. విగ్రహం లేదు, గుడి గోపురం లేదు. బెల్లమే బంగారం. 1996లో రాష్ట్ర పండుగ అయ్యాక రోడ్లు, బస్సులు, తాగునీరు ప్రభుత్వం చూస్తోంది. కోటి మందికి పైగా వస్తారని అధికారులు చెబుతారు. సమ్మక్క చిలకలగుట్ట దిగేటప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతాడు. కాకతీయ సైన్యంతో పోరాడి అడవిలోకి వెళ్లిపోయిందని చెప్పుకునే తల్లికి, సర్కారు తుపాకీ వందనం! ఆ దృశ్యంలో విజయం ఎవరిదో మీరే తేల్చుకోండి. నా లెక్కలో, ఎవరు ఏం చేయాలన్నది వడ్డెలు, అంటే ఆ కోయ పూజారులు, చెప్పినంతకాలం ఆ జాతర వాళ్లది. కమిటీలూ కాంట్రాక్టులూ చెప్పడం మొదలైన రోజున అది పర్యాటక శాఖది.

విదేశాల్లో మనవాళ్ల పండుగల గురించి ఇక్కడ ఎగతాళిగా మాట్లాడటం అలవాటు. తిథిని పక్కనబెట్టి శనివారం చేసుకుంటారని, స్కూలు హాలు అద్దెకు తీసుకుంటారని. నేను చూసినంతలో అక్కడ పాత పంపకం మరో రూపంలో తిరిగొచ్చింది. పులిహోర ఒకరింటి నుంచి, పరమాన్నం ఇంకొకరింటి నుంచి వస్తుంది. పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసే మనిషి రాత్రి పదింటికి కుర్చీలు మడతపెట్టి, నేల ఊడ్చి, తాళంచెవి అప్పగించి వెళ్తాడు. ఇదే మనిషి ఇక్కడ తన అపార్టుమెంట్లో ఉంటే చందా పడేసి పైకి వెళ్లిపోయేవాడు. మనిషిని పని చేయకుండా ఆపుతున్నది బద్ధకం అనుకుంటాం. చీపురు పట్టేందుకు వేరే కులం మనిషి చవగ్గా దొరకడం అసలు కారణం.

చీపురు ప్రస్తావన వచ్చింది కాబట్టి, సభకు ఒక విన్నపం చేసి కూర్చుంటాను. మీలో చాలామంది ఏదో ఒక ఉత్సవ కమిటీలో ఉన్నారు. మీరు అచ్చువేసే కరపత్రంలో ముందు ముఖ్య అతిథుల పేర్లు, ఆ కింద దాతలు, లక్ష నుంచి వెయ్యి దాకా వరసగా ఉంటాయి. నిమజ్జనం మర్నాడు తెల్లవారుజామున రోడ్ల మీద టన్నులకొద్దీ చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల పేర్లు, విద్యుత్తు స్తంభాల పక్కన రాత్రంతా నిలబడ్డ లైన్‌మన్ పేరు, బొమ్మ చేసిన మనిషి పేరు నాకు ఏ కరపత్రంలోనూ కనబడలేదు. వచ్చే ఏడు ఒక్క కాగితం అదనంగా అచ్చువేయించండి. ఏ పని ఎవరు చేశారో పేరుతో సహా రాయండి. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే రాయండి. కమిటీలో ఒక కుర్చీ వాళ్లలో ఒకరికి ఇవ్వండి. ఖర్చు ఎక్కువవుతుందని ఒక మిత్రుడు అప్పుడే అభ్యంతరం చెప్పాడు, డీజే ఒక గంట తగ్గిస్తే సరిపోతుందని లెక్క వేసి చూపించాను. కార్మికులు కమిటీలోకి వస్తే మొదట అడిగేది జీతం గురించి, చేతితొడుగుల గురించి అవుతుందని ఇంకో మిత్రుడి భయం. అడగనివ్వండి. ఆ మాటలు కూడా కమిటీ మినిట్స్‌లో రాసుకోండి.